ర్యామ్ పెంచే ముందు అలర్ట్ లాగ్ చదువు

చిరంజీవి బుజ్జికి,

నీ మెసేజ్ చూశాను. లినక్స్ మీద ఒరాకిల్ ఇన్‌స్టాల్ అంతా సాఫీగా సాగి, తీరా డేటాబేస్ స్టార్ట్ చేయబోతే ఓఆర్‌ఏ-00845 అని ఆగిపోయిందన్నావు. మెషీన్‌లో 4 జీబీ ర్యామ్ ఉంది, మెమరీ టార్గెట్‌కు నువ్విచ్చింది 2.5 జీబీ. ఖాళీ కూడా దండిగానే ఉందట. అయినా మీ టీమ్‌లో వాళ్లు ర్యామ్ పెంచమంటున్నారు. తొందరపడకు తల్లీ.

ఈ సిస్టమ్‌లో మెమరీ టార్గెట్‌కు సపోర్ట్ లేదు అంటుంది ఆ ఎర్రర్. అది చదివితే ఎవరికైనా లినక్స్ వెర్షన్ మీదే అనుమానం వస్తుంది. కానీ అక్కడేం లోపం లేదు. మెమరీ టార్గెట్ పెడితే పనిచేసే, 11జీతో వచ్చిన ఆటోమేటిక్ పద్ధతిలో ఒరాకిల్ తన షేర్డ్ మెమరీని డెవ్ ఎస్‌హెచ్‌ఎంలో ఫైళ్లుగా పెట్టుకుంటుంది. ఆ చోటుకు లినక్స్ మామూలుగా ర్యామ్‌లో సగం దగ్గర హద్దు గీస్తుంది. నీ మెషీన్‌కు అది 2 జీబీ. నువ్వడిగింది అంతకంటే అర జీబీ ఎక్కువ. తక్కువైంది మెమరీ కాదు, హద్దు.

ఇదంతా ఊహించాల్సిన పని కూడా లేదు. అలర్ట్ లాగ్ తెరువు. డెవ్ ఎస్‌హెచ్‌ఎం కనీసం ఎన్ని బైట్లు ఉండాలో అంకెతో సహా అందులో రాసి ఉంటుంది. స్క్రీన్ మీది ఒక్క లైను చూసి గూగుల్‌కు పరిగెత్తే అలవాటు మానుకోమని నిన్ను బతిమాలుతున్నాను. ఎందుకు కాదన్నదో సర్వరే చెబుతుంటే ముందు అది వినాలి కదా!

డెవ్ ఎస్‌హెచ్‌ఎంను 3 జీబీ సైజుతో రీమౌంట్ చెయ్యి. అంత మెమరీ అప్పటికప్పుడు పోదు, భయపడకు. అది పరిమితి మాత్రమే, వాడినంతే ఖర్చు. అదే సైజు ఎఫ్‌స్టాబ్‌లోనూ రాయి, లేకపోతే రీబూట్‌తో మళ్లీ మొదటికొస్తుంది.

రేపు పెద్ద సర్వర్లు నీ చేతికొస్తాయి. అక్కడ ఈ ఆటోమేటిక్ పద్ధతి వద్దనే అంటాను, దానికీ హ్యూజ్‌పేజెస్‌కూ పొసగదు. ఎస్‌జీఏ టార్గెట్ పెట్టుకో. అప్పుడు ఒక్కోసారి ఎదురయ్యేది ఓఆర్‌ఏ-27102. దాని కిందే లినక్స్ ఎర్రర్ 28, డివైస్‌లో చోటు లేదు అని ఉంటుంది. అది చూసి పాత ఫైళ్లు తుడుస్తూ కూర్చునేవాళ్లున్నారు. డిస్కుకూ దానికీ సంబంధమే లేదు, షేర్డ్ మెమరీ మొత్తానికి కెర్నెల్ గీసిన హద్దే అడ్డొస్తుంది. పాత ఒరాకిల్ గైడ్లలో ఆ హద్దుకు, అంటే ఎస్‌హెచ్‌ఎం‌ఆల్‌కు 2097152 అని ఉండేది. అది బైట్ల లెక్క కాదు, పేజీల లెక్క. పేజీకి 4096 బైట్లు, అంటే మొత్తం 8 జీబీ. 64 జీబీ మెషీన్‌లో ఆ అంకెను అలాగే ఉంచి ఎస్‌జీఏ 20 జీబీ అడిగితే కెర్నెల్ ఇవ్వదు. ఇవ్వాల్సింది 20 జీబీని 4096తో భాగిస్తే వచ్చే 5242880 కంటే కాస్త ఎక్కువ. పక్కనే ఉండే, ఒక్కో సెగ్మెంట్‌కు హద్దయిన ఎస్‌హెచ్‌ఎం‌మాక్స్ మాత్రం బైట్లలోనే రాయాలి. ఈ రెండింటి లెక్కా కాగితం మీద వేసుకున్నాకే కెర్నెల్ సెట్టింగుల ఫైల్లో చెయ్యి పెట్టు.

రీమౌంట్ అయ్యాక ఒకసారి రీబూట్ చేసి, హద్దు నిలిచిందో లేదో డీఎఫ్ కమాండ్‌తో చూసుకుని, అప్పుడు డేటాబేస్ స్టార్ట్ చెయ్యి. మళ్లీ ఆగితే స్క్రీన్ ఫొటో కాదు, అలర్ట్ లాగ్‌లో చివరి యాభై లైన్లు పంపు.

మీ మావయ్య