మినికాయ్ దీవిలో భోజనం, మర్యాద

అరేబియా సముద్రంలోని లక్షద్వీపాల మొత్తం వైశాల్యం 32 చదరపు కిలోమీటర్లు మాత్రమే. వీటిలో అన్నింటికన్న దక్షిణాన, కొచ్చికి దాదాపు 400 కిలోమీటర్ల దూరాన ఉన్నది మినికాయ్. ఇతర దీవులలో మలయాళ మాండలికం వినిపిస్తుండగా ఇక్కడి భాష మహల్. మాల్దీవుల భాషకు చెందినదే. దాని లిపిని కుడి నుంచి ఎడమకు వ్రాస్తారు.

పగడపు ఇసుకలో వరి పండదు. బియ్యం ఓడలో రావలసిందే. స్వంత సంపద కొబ్బరి, చేప. చేప అంటే ఇక్కడ ముఖ్యంగా సూర, అనగా ట్యూనా. దీవికీ పగడపు దిబ్బకూ నడుమ ఉండే నిలకడ నీటిలో జాలరులు ముందుగా చిన్న చేపలను పట్టి, పడవలోనే నీటిలో సజీవంగా నిలువ చేస్తారు. నడిసముద్రంలో సూరల గుంపు కనబడగానే వాటిని వెదజల్లుతారు. ఎగబడిన సూరలను గాలపు కర్రలతో ఒక్కొక్కటిగా పడవలోకి లాగుతారు. పెద్ద వలల అవసరమే లేదు.

తెచ్చిన చేపను శుభ్రపరచి, ముక్కలను ఉప్పునీట ఉడికించి, పొగబెట్టి, ఎండలో ఆరవేస్తారు. కొయ్యవలె గట్టిపడిన ఈ ‘మాస్’ నెలల తరబడి చెడదు. తొలిసారి చూచినవారు దానిని చేప అని నమ్మడం కష్టం! దంచి కొబ్బరి కలిపితే అన్నంలోకి అమోఘమైన అనుపానం. కొబ్బరి గెల నుంచి తీసిన తీపి నీరాను కాచి పాకం చేస్తారు. ప్రజలు ముస్లింలు, 1979లోనే మద్యనిషేధ చట్టం వచ్చింది. కనుక యాత్రికులు మద్యం ఊసెత్తకపోవడమే మర్యాద.

ఇల్లు స్త్రీల వంశానిది. వివాహానంతరం భర్తే భార్య ఇంటికి వస్తాడు. మన ఇల్లరికం వంటిదే అనిపించినా, అక్కడ అది మినహాయింపు కాదు, నియమం. అందువల్ల ఆతిథ్యానికి కృతజ్ఞతలు ముందుగా గృహిణికే చెప్పాలి. అనుమతి లేనిదే స్త్రీల ఫోటోలు తీయరాదు.

ఇక నీరు. ఇసుక క్రింద ఉప్పునీటిపై పలుచగా తేలియుండే మంచినీరే బావులకు ఆధారం. ఎక్కువగా తోడితే ఉప్పు పైకి వస్తుంది. సముద్రజలాన్ని మంచినీరుగా మార్చే కేంద్రం 2011లో ఏర్పడినా పొదుపు తప్పదు.

అంతకన్న సున్నితమైనది పగడపు దిబ్బ. 1998, 2010, 2016 సంవత్సరాలలో సముద్రం వేడెక్కి లక్షద్వీపాలలో పగడాలు తెల్లబారి, అనేకం చనిపోయాయి. ఎర చేపలకు నెలవు ఆ దిబ్బలే. ఎర దొరకనినాడు సూర లేదు, మాస్ లేదు. కనుక నీటిలో దిగినవారు ఇసుక మీదనే పాదం మోపాలి. ఒడ్డున పడియున్న పగడపు ముక్కనైనా ఏరుకొనరాదు. 2001 నుంచి పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద రక్షణ ఉన్నది.