పేపర్ పంపే ముందు

కాకినాడ

చిరంజీవి తమ్ముడికి,

నువ్వు పంపిన డ్రాఫ్టు ఆసాంతం చదివాను. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని, పక్కన పెట్టుకుని దిద్దుకోవడానికి వీలుగా ఉంటుందని ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా చెప్పాల్సింది, నువ్వు చేసిన పని బాగుంది. నది ఇసుక తీసేసి అంచెలంచెలుగా రోబో శాండ్, అంటే రాయి నలిపి చేసిన క్రషర్ ఇసుక వేసి, సిమెంటులో పాతిక శాతం రామగుండం ఫ్లై యాష్‌తో మార్చి, ఇంత ఓపిగ్గా చేసిన ప్రయోగాలు ఈ మధ్య నేను రివ్యూ చేసిన పేపర్లలో తక్కువ. అయితే ఆ పని చదివేవాళ్ల కంటికి ఆనడం లేదు.

మొన్న మాట్లాడుతూ ఒక మాట అన్నావు గుర్తుందా? "రోబో శాండ్‌లో పొడి పెరిగేకొద్దీ కాంక్రీటు జారుదనం చూపే స్లంప్ పడిపోతోందక్కా, ఫ్లై యాష్ వేస్తే కొంతవరకు తిరిగొస్తోంది, ఒక హద్దు దాటాక అది కూడా ఆదుకోవడం లేదు" అన్నావు. నీ పేపరంతా ఆ ఒక్క మాటే. కానీ అది డ్రాఫ్టులో ఎక్కడా లేదు. అబ్‌స్ట్రాక్ట్ నిండా దేశంలో కట్టడాలు పెరగడం గురించి, నదుల్లో ఇసుక తరిగిపోవడం గురించి ఉంది. అవి అందరికీ తెలిసినవే. ఎడిటర్ అబ్‌స్ట్రాక్ట్ చదివి, బొమ్మలు తిరగేసి, ముగింపు చూసి, రివ్యూకి పంపాలా వద్దా అని తేల్చుకుంటాడు. ఆ కొద్దిసేపట్లో నీ హద్దు ఏమిటో, ఎంత శాతం దగ్గర వచ్చిందో అతనికి తెలియాలి.

అందుకని రాతను కాసేపు పక్కన పెట్టి, ముందు నీ గ్రాఫులు, టేబుళ్లు బల్ల మీద వరసగా పరుచుకో. ఆ మాట నిలబడడానికి ఏవి కావాలో అవే ఉంచు. హార్వర్డ్ రసాయన శాస్త్రవేత్త జార్జ్ వైట్‌సైడ్స్ పేపర్ ఎలా రాయాలో తన ల్యాబు విద్యార్థులకు చెప్పిన పద్ధతి 2004లో అచ్చయింది. ప్రయోగాలన్నీ అయ్యేదాకా ఆగకుండా పని నడుస్తుండగానే అవుట్‌లైన్ వేసుకోవాలని, గ్రాఫులూ టేబుళ్ల చుట్టూ దాన్ని పెంచుకుంటూ పోవాలని ఆయన పద్ధతి. ఇంజనీరింగ్ పేపర్‌కి అది ఇంకా బాగా నప్పుతుంది.

ఇక అసలు సంగతి. ఇంట్రడక్షన్‌కి నాలుగు పేజీలు ఇచ్చి, మెటీరియల్స్, మెథడ్స్‌కి ఒక్క పేజీ ఇచ్చావు. నన్నడిగితే పేపర్‌కి ప్రాణం ఆ ఒక్క పేజీలోనే ఉంది. పోలండ్‌లోనో చిలీలోనో నిన్ను ఎన్నడూ చూడని ఒక విద్యార్థి, నీ పేపర్ మాత్రమే ముందు పెట్టుకుని, నీ కాంక్రీటు మళ్లీ కలపగలగాలి. "స్థానికంగా దొరికిన ఫ్లై యాష్ వాడాము" అంటే ఆ విద్యార్థికి ఏం తెలుస్తుంది? సిలికా, అల్యూమినా, ఐరన్ ఆక్సైడ్, కాల్షియం ఎంతెంత ఉన్నాయి, కాలిస్తే ఎంత బరువు పోయింది, ఎంత మెత్తగా ఉంది, ఇవన్నీ టేబుల్‌గా ఇవ్వు. రోబో శాండ్ ఏ రాయి నుంచి వచ్చింది, కడిగిందా కడగనిదా, 75 మైక్రాన్ల జల్లెడలోంచి ఎంత శాతం దిగింది అన్నవి మరీ ముఖ్యం. ఐఎస్ 383 2016 రివిజన్‌లో నది ఇసుకకు ఈ పొడి 3 శాతం దాటకూడదు, క్రషర్ ఇసుకకు 15 శాతం దాకా ఒప్పుకున్నారు. నీ కథంతా ఆ రెండు అంకెల మధ్య నడుస్తుంటే, నీ ఇసుకలో పొడి ఎంతో డ్రాఫ్టులో కనబడలేదు.

నీటి లెక్క చూడు. వాటర్ బైండర్ నిష్పత్తి 0.45 అని రాశావు. ఘనమీటరుకి 400 కిలోల బైండర్, 180 లీటర్ల నీళ్లు, సరిపోయింది. కానీ ఇసుక ఏ స్థితిలో వేశావు? 700 కిలోల ఇసుక 2 శాతం నీరు పీలుస్తుందనుకుంటే 14 లీటర్లు. ఓవెన్‌లో ఎండబెట్టిన ఇసుక వేసి, ఆ నీటిని కలపకపోతే, సిమెంటుకి దక్కేది 166 లీటర్లే. నిష్పత్తి 0.415కి దిగిపోతుంది. స్ట్రెంగ్త్ పెరిగింది రోబో శాండ్ వల్ల కాదు, నీళ్లు తగ్గడం వల్ల అని రివ్యూయర్ ఒక్క ముక్క రాస్తే, నీ దగ్గర జవాబు ఉండదు. నువ్వు రేణువు లోపల నీరు నిండి పైన తడి లేని ఎస్ఎస్‌డీ స్థితికి సరిచేసే కలిపావని నాకు తెలుసు, నీ నోటుబుక్‌లో చూశాను. ఆ వాక్యం పేపర్లో కూడా ఉండాలి.

క్యూరింగ్ కూడా అంతే. ఐఎస్ 516 నీటి వేడి 27 డిగ్రీలకు అటూ ఇటూ 2 డిగ్రీల్లో ఉండాలంటుంది. మే నెలలో వరంగల్‌లో రేకుల షెడ్డు కింద తొట్టిలో నీళ్లు ఎంత కాగుతాయో నీకు వేరే చెప్పాలా? నువ్వు కొలిచిన వేడి ఎంతో ఉన్నదున్నట్టు రాయి. 150 మిల్లీమీటర్ల క్యూబులు అని కూడా స్పష్టంగా చెప్పు. అమెరికాలో సిలిండర్లు పగలగొడతారు, క్యూబు సాధారణంగా ఎక్కువ స్ట్రెంగ్త్ చూపిస్తుంది. యూరప్‌లో సీ30/37 అని జంటగా రాసేది అందుకే, మొదటిది సిలిండర్‌ది, రెండోది క్యూబుది.

టేబుల్ 4లో 28 రోజుల స్ట్రెంగ్త్ 38.427 ఎంపీఏ అని ఉంది. క్యూబు ముఖం వైశాల్యం 22,500 చదరపు మిల్లీమీటర్లు. క్యూబులు నలిపే యంత్రం సీటీఎం ఒక్క కిలోన్యూటన్ అటూ ఇటూ చూపిస్తే 0.04 ఎంపీఏ మారిపోతుంది. అలాంటప్పుడు మూడో దశాంశానికి అర్థం ఏముంది? 38.4 అని రాయి, దాని పక్కన మూడు క్యూబుల స్టాండర్డ్ డీవియేషన్ పెట్టు. అప్పుడు ఇంకొకటి కూడా తేటపడుతుంది. ఒక మిక్స్ 38.4, మరొకటి 39.1 వచ్చి, క్యూబుల మధ్య తేడా 1.5 దాకా ఉంటే, "పెరిగింది" అనడానికి వీల్లేదు. "తేడా కనబడలేదు" అనాలి. అలా అనడం నీ పేపర్‌ని తక్కువ చేయదు, నమ్మకం పెంచుతుంది. గ్రాఫుల్లో ఆ ఎక్సెల్ 3డీ కడ్డీలు తీసెయ్, ఏ కడ్డీ ఏ గీతకి అందిందో తెలియడం లేదు. మామూలు చుక్కలు, వాటి మీద ఎర్రర్ బార్లు చాలు. అచ్చులో ఒక కాలమ్ సుమారు 90 మిల్లీమీటర్ల వెడల్పే ఉంటుంది కాబట్టి అంత సైజుకి కుదించి ప్రింటు తీసి, అక్షరాలు చదవగలుగుతున్నావో లేదో చూసుకో.

ఇప్పుడు నాకు బాగా పట్టింపు ఉన్న విషయం. నది ఇసుక పూర్తిగా తీసేసిన మిక్స్ చెడిపోయిందని, స్లంప్ అసలు రాలేదని, క్యూబుల్లో తేనెపట్టులా ఖాళీలు వచ్చాయని, అందుకని పేపర్లోంచి తీసేశానని చెప్పావు. దాన్ని మళ్లీ పెట్టు తమ్ముడూ. ఆ మిక్స్ లేకపోతే నువ్వు చెప్పే హద్దు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? ఫలానా చోట ఫ్లై యాష్ ఆదుకోవడం ఆగిపోయిందని రుజువు చేసేది అదొక్కటే. ఆ క్యూబుల ఫొటో కూడా పెట్టు. రేపు ఎవరో సైటు ఇంజనీరు నీ పేపర్ చూసి, ఇసుక దొరకలేదని పూర్తిగా రోబో శాండ్‌తో స్లాబు పోస్తే, అది చెడ్డదని నీకు ముందే తెలుసు కదా. తెలిసి దాచడం మన వృత్తికి తగదు. మొత్తం రీడింగులు జెనోడోలాంటి ఆన్‌లైన్ డేటా భాండాగారంలో పెట్టి, దాని డీఓఐ పేపర్లో ఇవ్వు. అడిగినవాళ్లకి పంపుతాం అని రాసి ఊరుకోవడం నాకు నచ్చదు.

లిటరేచర్ రివ్యూలో ఒక్కొక్క పేరాలో ఒక్కొక్క పేపర్‌ని చెప్పుకుంటూ పోయావు. అలా కాకుండా పొడి ఎంత ఉండవచ్చు అన్నదాని మీద ఎవరెవరు ఏకీభవించారు, ఎక్కడ విభేదించారు, ఏది మిగిలిపోయింది అని ప్రశ్నల వారీగా కట్టు. సగానికి తగ్గుతుంది. ఇక, వేరే రాతలతో పోలిక చూపే సిమిలారిటీ శాతం గురించి కంగారు పడుతున్నావు. యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం దాకా ఏ చర్యా లేదు. అంకె తగ్గించడానికి సాఫ్ట్‌వేర్‌తో మాటలు మార్చే పని మాత్రం ఎప్పుడూ చేయకు. అలా వంకరపోయిన సాంకేతిక పదాలను బట్టి దొంగ పేపర్లను పట్టుకునే పద్ధతిని గియోమ్ కబనాక్, ఆయన సహచరులు 2021లో బయటపెట్టారు. నీ భాషలో నువ్వు రాస్తే ఆ భయమే ఉండదు. ఇంగ్లిషు సరిదిద్దడానికి ఏఐ వాడితే, ఆ జర్నల్ అడిగిన చోట ఆ సంగతి చెప్పు.

జర్నల్ ఎంపిక గురించి అడిగావు. నీ రెఫరెన్సుల జాబితా తీసి, ఏ జర్నల్ పేరు ఎక్కువసార్లు వచ్చిందో చూడు. నీ పాఠకులు ఉండేది అక్కడే. మన దేశంలో సాధన జర్నల్ ఉంది, 1927 నుంచి వస్తున్న ఇండియన్ కాంక్రీట్ జర్నల్ ఉంది. మూడు రోజుల్లో వేస్తాం, ఫీజు కట్టండి అని వచ్చే మెయిళ్లు చూసినవెంటనే తుడిచెయ్. యూజీసీ 2025లో తాను ఆమోదించే జర్నళ్ల కేర్ జాబితా ఎత్తేసింది కాబట్టి ఇక మంచీ చెడూ మనమే తేల్చుకోవాలి. ఒకసారి ఒక్క జర్నల్‌కే పంపు.

పేపర్ మీద రచయితల పేర్ల విషయం పంపే ముందే మీ గైడుగారితో మాట్లాడు, మొహమాటపడకు. పేపర్లో ఉన్న ప్రతి అంకెకీ జవాబు చెప్పగలిగినవాళ్లవే పేర్లు ఉండాలి. హోదాని బట్టి పేరు చేర్చే అలవాటు మన కాలేజీల్లో ఉంది, అది పోవాలని నా గట్టి కోరిక. నీతోపాటు ఎండలో క్యూబులు మోసి పగలగొట్టిన ల్యాబు అసిస్టెంటుకి అక్నాలెడ్జ్‌మెంట్‌లో పేరు పెట్టి కృతజ్ఞత చెప్పు.

ముందు మిక్స్ టేబులు, ఆ చెడిపోయిన మిక్స్ రీడింగులు కలిపి ఆదివారం లోపు పంపు. మిగతా రాత ఆ తర్వాత చూద్దాం. ఆ క్యూబుల ముక్కలు ఇంకా షెడ్డులోనే ఉంటే పారేయనివ్వకు, ఫొటో పక్కన స్కేలు పెట్టి తీయాలి. పిన్నికి, బాబాయికి నా నమస్కారాలు చెప్పు.

నీ
అక్క