పాత ట్రక్కు - నడిచే అంగడి

చక్రములలో గాలి పోయి, ఇనుము త్రుప్పు పట్టి, ఏదో ఒక చెట్టు క్రింద పడియున్న ట్రాక్టరు ట్రక్కును చూడని గ్రామము అరుదు. దానిని పాత ఇనుము క్రింద అమ్ముట తప్ప గత్యంతరము లేదని మనమనుకొనుచుందుము. అదే గ్రామపు శివారు పల్లెలో ఒక వృద్ధురాలు పావుకిలో చింతపండుకు, ఒక సబ్బుబిళ్లకు ఎండలో నడచి ఊరిలోనికి వచ్చుచుండును. ఈ రెండు సంగతులను కలిపి చూచినచో నడిచే అంగడి మనస్సునకు తట్టును.

సరకు ఇంటి ముంగిటికి వచ్చుట మనకు క్రొత్త కాదు. పూర్వము గాజుల మలారము వచ్చెడిది. ఉప్పు బండి వచ్చెడిది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 జనవరి మొదలుకొని 2025 మే నెలాఖరు వరకు చౌకధరల బియ్యము కూడ వాహనములపై వీధులలోనికి వచ్చినది. పొదుపు సంఘపు స్త్రీలు గాని, పని వెదకుకొను యువకులు గాని పాత ట్రక్కును బాగుచేసికొని ఇట్టి అంగడి నడుపదలచినప్పుడు పంచాయతీ తెలిసికొనవలసిన విషయములను క్రింద వివరించుచున్నాము.

1. రంగు తరువాత, అడుగు ముందు

పాత బండి దొరకగానే రంగు వేయవలెనని తోచును. రంగు త్రుప్పును కప్పునే గాని మాన్పదు. ముందుగా అడుగుభాగమును పరీక్షింపవలెను. చిన్న సుత్తితో ఇనుప కమ్ములపై తట్టినచో, పెచ్చులు రాలి పలుచబడిన చోటు బయటపడును. ట్రాక్టరుకు తగిలించు కడియము అరిగినదేమో, దాని మొదట అతుకులు చీలినవేమో ప్రత్యేకముగా చూడవలెను. ఆ అతుకు ఊడినచో నడిరోడ్డుపై బండి విడిపోవును. ఈ పని అనుభవముగల వెల్డింగు పనివానిచేతనే చేయింపవలెను.

చక్రమును జాకీపై లేపి అటునిటు కదపినచో బేరింగుల వదులు తెలియును. జాకీని మాత్రమే నమ్మి బండి క్రిందికి ఎవ్వరును దూరరాదు. దుంగలు గట్టిగా పెట్టవలెను. టైరు ప్రక్కన 2319 వంటి నాలుగంకెలున్నచో, అది 2019వ సంవత్సరము 23వ వారమున తయారైనదని అర్థము. పైకి నున్నగా కనబడినను పగుళ్లు బారిన పాత టైరు పనికిరాదు.

2. బరువును కూర్చుట

పైకప్పు తేలికైనదిగా, వానరేకు వలె ఏటవాలుగా ఉండవలెను. ఎత్తు పెరిగిన కొలది కాలువగట్ల మీద బండి ఒరుగు ప్రమాదము హెచ్చును. బియ్యపు బస్తాలు, నూనె డబ్బాలు అడుగున ఇరుసు దగ్గరను, తేలిక సరకులు పై అరలలోను ఉంచవలెను. ప్రక్క తలుపును రెండుగా చీల్చినచో పైకెత్తినది నీడయగును, దించినది బల్లయగును.

రెండు చక్రముల ట్రక్కులో బరువు కొంత ముందుకు ఉండవలెను. అంతయు వెనుకకు చేరినచో, ట్రాక్టరును విడదీసినంతనే ముందుభాగము పైకి లేచి బండి వెనుకకు పడును. బేరమాడుచున్నవారు, పిల్లలు నిలుచుండునది అక్కడనే. కావున విడదీయుటకు ముందే చక్రములకు అడ్డురాళ్లు వేసి, ముందు వెనుకల ఆనుకట్టెలు నిలుపవలెను.

వెనుక ఎర్రదీపము, మెరయు ఎర్రపట్టీలు లేని ట్రక్కును చీకటిలో ఢీకొని ప్రాణములు కోల్పోయినవారు మన రహదారులపై ఎందరో కలరు. దీపములు బిగించుడు, ప్రొద్దుగ్రుంకక మునుపే బండిని ఇంటికి చేర్చుడు.

3. చట్టము

1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము వాహనమును ఇచ్చవచ్చినట్లు మార్చుటకు వీలులేదు. కొలతలతో నమూనా గీచి, పని మొదలిడక మునుపే రవాణాశాఖవారికి చూపవలెను. వ్యవసాయమునకని రిజిస్టరు చేయించిన బండిని వ్యాపారమునకు వాడుటను గూర్చియు, భీమాను గూర్చియు అప్పుడే అడుగవలెను. తినుబండారములు అమ్ముటకు 2006 నాటి ఆహార భద్రతా చట్టము క్రింద నమోదు కావలెను. త్రాసుకు తూనికలు కొలతల శాఖవారి ముద్ర ఉండవలెను.

4. లెక్క

ట్రక్కు తనంత తాను నడువదు. ప్రతి తిరుగుడుకు ట్రాక్టరు అద్దె, డీజిలు ఖర్చు కలవు. సంతవలె వారమునకొక నియతదినమున, నియతస్థలమునకు వచ్చినచో ఖర్చు తగ్గును, జనులకు నమ్మకము కలుగును. ట్రక్కుపై సొమ్ము పెట్టక మునుపు ఒక నెల అద్దె ఆటోలో సరకు వేసికొని తిరిగి చూచుట మంచిది. అడుగు కమ్ములే చివికినచో దానిని అమ్మివేయుటయే లాభము.

ఊరిలోని చిల్లర కొట్టువాని మాటయు వినవలెను. అతడు కష్టకాలమున అప్పు పెట్టి ఊరిని నిలిపినవాడు. అతనినే భాగస్వామిగా చేర్చుకొనుటకు వీలున్నదేమో ఆలోచింపుడు.

సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు:

మన శివారు పల్లెలలో అంగడి లేనివి ఎన్ని? బండి నిలుచుటకు రోడ్డుకు ఎడముగా స్థలము కలదా? ధరల పట్టిక పెట్టించు బాధ్యత ఏ సభ్యునిది? అడ్డురాళ్లు, ఎర్రదీపము ఉన్నవని కన్నులార చూచువారెవరు?

ఈ కడపటి ప్రశ్నకు ఒక పేరు వ్రాసికొనిన తరువాతనే బండిని కదలనిండు.