మంగమ్మ ఫోను

మంగమ్మ కూలి పనికి పోతుంది. పొదుపు సంఘంలో సభ్యురాలు. రెండేళ్ల కిందట ఆమెకు ఒక్క అక్షరం రాదు. రాత్రిపూట కేంద్రానికి వచ్చి నేర్చుకుంది. ఇప్పుడు సంతకం పెడుతుంది. తెలుగు చదువుతుంది. అంకెలు బాగా వచ్చు.

కొడుకు పట్నం పోతూ ఆమెకు ఒక ఫోను కొనిచ్చాడు. మొదట్లో ఫోను టింగుమంటే చాలు, చేతిలో పని వదిలేసి చూసేది. కొడుకు కబురు పంపాడేమోనని ఆశ. చూస్తే కొడుకు కబురు కాదు. అప్పు ఇస్తామని ఒకటి. ఇళ్ల స్థలాలు అమ్ముతామని ఒకటి. పండక్కి తగ్గింపు ధరలని ఇంకొకటి. అన్నం తినేటప్పుడు టింగు. పడుకునేటప్పుడు టింగు.

“దీని నోరు మూయించేది ఎట్లా?” అని విసుక్కుంది. కొన్నాళ్లకు చూడటమే మానేసింది.

ఒక రాత్రి కేంద్రంలో అందరం ఫోన్లు తీశాం. వచ్చిన మెసేజీల్లో అంకెలు చదవటం ఆ రోజు పాఠం. మంగమ్మ ఫోనులో చదవనివి 214 ఉన్నాయి. ఒక్కొక్కటే చూస్తూ పోయింది. ఒకచోట ఆగింది.

“టీచరమ్మా, ఇది మన బ్యాంకు పేరే కదా? వెయ్యి అని ఉంది.”

“అవునక్కా. మీ ఖాతాలో వెయ్యి రూపాయలు తీశారని ఉంది. తారీకు చదవండి.”

“పన్నెండు. దాని కిందనే ఇంకొకటి ఉంది. అదీ వెయ్యే. తారీకు పదమూడు.”

మంగమ్మ కాసేపు ఆలోచించింది. తర్వాత చెప్పింది. “పన్నెండో తారీకు వేలిముద్ర మిషను దగ్గరికి పోయాను. వేలు పెట్టాను. మిషను పని చేయలేదు, రేపు రా అన్నారు. మర్నాడు పోయి మళ్లీ వేలు పెట్టాను. వెయ్యి ఇచ్చారు. నా చేతికి వచ్చింది ఒక్క వెయ్యే.”

ఎవరూ మాట్లాడలేదు. మిషను తప్పో, మనిషి తప్పో మాకు తెలియదు. వెయ్యి రూపాయలు మాత్రం లేవు. అవి మంగమ్మ మూడు నాలుగు రోజుల కూలి.

“వేలిముద్ర బాధ వదలాలనే కదా నేను చదువుకున్నది!” అంది మంగమ్మ.

మర్నాడు ఇద్దరం బ్యాంకుకు పోయాం. అర్జీ మంగమ్మే రాసింది. అక్షరాలు వంకరగా ఉన్నా విషయం సూటిగా ఉంది. కొన్నాళ్లకు డబ్బు తిరిగి ఖాతాలో పడింది. కానీ ఆ రోజు బ్యాంకులో ఒక మాట అడిగారు. “మెసేజి ఆ రోజే వచ్చింది కదమ్మా! నెల దాటాక వచ్చావేం?”

అక్కలారా, మంగమ్మ ఏం జవాబు చెబుతుంది? పనికొచ్చే కబురు పనికిరాని కబుర్ల కింద పడిపోయింది. బియ్యంలో రాళ్లు ఏరి పారేస్తాం. రాళ్లున్నాయని బియ్యమే పారేయం కదా. ఫోనులో కూడా రాళ్లు ఏరటం నేర్చుకుందాం.

ఈ మెసేజీలు ఎందుకు వస్తాయి?

మన నంబరు మనమే చాలాచోట్ల ఇస్తాం. దుకాణంలో బిల్లు వేసేటప్పుడు నంబరు అడుగుతారు. బహుమతి ఉందని కాగితం నింపమంటారు. మనం ఇస్తాం. అక్కడి నుంచి అది చేతులు మారుతుంది.

దుకాణంలో నంబరు అడిగితే “ఇవ్వను” అనవచ్చు. నంబరు ఇస్తేనే సరుకు ఇస్తామని పట్టుబట్టకూడదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023లో దుకాణాలకు చెప్పింది.

ఏది రాయి? ఏది బియ్యం?

మెసేజి పైన పంపినవారి పేరు ఉంటుంది. పేరు చివర చిన్న గీత, ఆ తర్వాత ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటాయి. ఈ పద్ధతి 2025లో వచ్చింది. నాలుగే అక్షరాలు. నేర్చుకోవటం కష్టం కాదు.

పి ఉంటే అది అమ్మకం మెసేజి.
టి ఉంటే డబ్బు లావాదేవీ వంటి కబురు.
ఎస్ ఉంటే మనం వాడే సేవ గురించిన కబురు.
జి ఉంటే ప్రభుత్వం పంపిన కబురు.

పి ఉన్నది చదవకపోయినా నష్టం లేదు. టి, ఎస్, జి ఉన్నవి తప్పక చూడాలి.

ఫోను పిలుపులకూ గుర్తు ఉంది. 140తో మొదలైతే అమ్మకం పిలుపు. 1600తో మొదలయ్యే నంబర్లు బ్యాంకులు, ప్రభుత్వం వంటివారు తమ సేవల పిలుపులకు వాడాలి.

వద్దని ఎలా చెప్పాలి?

మన దేశంలో ఫోను కంపెనీలకు నియమాలు పెట్టే సంస్థ పేరు ట్రాయ్. వద్దన్న వారికి అమ్మకం మెసేజీలు, పిలుపులు పంపకూడదని దాని నియమం. వద్దని చెప్పటానికి ఒక నంబరు ఉంది. అది 1909. అన్ని కంపెనీల సిమ్ములకూ ఇదే నంబరు. దీనికి డబ్బు పడదు.

ఒక దారి: 1909కి ఫోను చేయండి. వాళ్లు చెప్పింది విని, అమ్మకం కబుర్లు ఏవీ వద్దని నమోదు చేయించండి.

రెండో దారి: 1909కి మెసేజి పంపండి. ఇంగ్లీషు అక్షరాలు ఐదు కొట్టాలి. ఎస్, టి, ఎ, ఆర్, టి. తర్వాత కొంచెం ఖాళీ వదలాలి. తర్వాత 0 కొట్టాలి. అంతే. బడికి పోయే పిల్లలుంటే సాయం అడగండి. సిగ్గు పడవద్దు.

నమోదు అయిందని జవాబు వస్తుంది. అమ్మకం కబుర్లు ఆగటానికి కొన్ని రోజులు పడుతుంది. దీనివల్ల బ్యాంకు లావాదేవీ కబుర్లు ఆగవు. ప్రభుత్వ కబుర్లు ఆగవు. భయం వద్దు.

ఆపమన్నా వస్తే?

ఇక్కడే చాలామంది విసిగిపోతారు. మంగమ్మకూ అలాగే అయింది. “ఆపమని చెప్పాను కదా, మళ్లీ ఏంది?” అంది. చూస్తే అది ఆమె చీర కొన్న దుకాణం మెసేజి. అక్కడ కాగితం మీద ఆమె సంతకం పెట్టింది. మెసేజీలు పంపవచ్చని దానిలో ఉంది. మనం ఒప్పుకున్న వారి కబుర్లు 1909లో వద్దన్నా వస్తాయి. ఆ ఒప్పుదలను వెనక్కి తీసుకునే హక్కు మనకుంది. కాబట్టి చదవకుండా దేనిమీదా సంతకం పెట్టవద్దు.

మనం ఒప్పుకోనివారు పంపితే ఫిర్యాదు చేయవచ్చు. మామూలు పది అంకెల నంబరు నుంచి అమ్మకం పిలుపు వచ్చినా చేయవచ్చు. దానికీ 1909 నంబరే. ఏడు రోజుల లోపల చేయాలి. ఏ నంబరు నుంచి వచ్చింది, ఏ తారీకున వచ్చింది, ఏం చెప్పారు అనేవి చెప్పాలి. అందుకే మెసేజి వెంటనే తీసేయవద్దు. ఫిర్యాదుకు ఒక నంబరు ఇస్తారు. దాన్ని నోటుబుక్కులో రాసుకోండి.

జాగ్రత్త!

కొన్ని మెసేజీల్లో “ఇవి వద్దంటే ఇక్కడ నొక్కండి” అని ఉంటుంది. ఎవరు పంపారో తెలియకపోతే నొక్కవద్దు. అది దొంగల వల కావచ్చు.

ఫోనుకు వచ్చిన ఓటీపీ నంబరు ఎవరు అడిగినా చెప్పవద్దు. మెసేజీలు ఆపుతామని అడిగినా చెప్పవద్దు.

మోసపోయి డబ్బు పోతే ఏడుస్తూ కూర్చోవద్దు. వెంటనే 1930కి ఫోను చేయండి. బ్యాంకుకూ చెప్పండి. ఎంత త్వరగా చెబితే అంత మంచిది.

ఇప్పుడు మంగమ్మ ఫోను ఎలా ఉంది?

పూర్తిగా నోరు మూయలేదు. అప్పుడప్పుడు ఒకటో రెండో వస్తున్నాయి. మంగమ్మ వాటిని 1909కి చెబుతుంది. కానీ ఇప్పుడు టింగుమంటే మళ్లీ చూస్తుంది. మొన్న అలాగే చూసింది.

“అమ్మా, ఆదివారం వస్తున్నా” అని తెలుగులో ఉంది. కొడుకు పంపాడు. మంగమ్మ ఎవరినీ పిలవకుండా తానే చదువుకుంది.

ఆలోచించండి, చెప్పండి

1. మంగమ్మ బ్యాంకు మెసేజిని ఎందుకు చూడలేదు?
2. పేరు చివర పి ఉంటే అది ఏ మెసేజి? టి ఉంటే?
3. దుకాణంలో మీ నంబరు అడిగితే ఏమంటారు?

చేయండి

1. మీ ఫోను తెరవండి. బ్యాంకు మెసేజి ఒకటి వెతకండి. తారీకు, మొత్తం పైకి చదవండి.
2. 1909, 1930. ఈ రెండు నంబర్లూ పెద్దగా రాసి ఇంట్లో గోడకు అంటించండి.
3. మీ పక్కింటి అక్కకు ఈ పాఠం చదివి వినిపించండి.