ఆ చిన్న బిళ్లను ముట్టుకోకు

నల్గొండ

అల్లుడా,

రాత్రి ఫోన్‌లో నువ్వు చెప్పింది సగమే అర్థమైంది. నువ్వేమో ఆగమాగం ఉన్నవు, పక్క నుంచి మీ అమ్మ "తమ్మీ, పోరడు అన్నం ముట్టలేదు" అని ఒకటే మొత్తుకున్నది. అందుకే తీరుబడిగ కూసొని రాస్తున్న. పక్క షాపులో ప్రింట్ తీయించుకొని నీ కంప్యూటర్ మిషన్ దగ్గర పెట్టుకో. సిగ్గుపడకు, వాళ్ల మిషన్ ఆగిననాడు నీ దగ్గరికే వస్తరు.

నేను చెప్పేదాక రీసెట్ అన్న మాట మీద, ఫార్మాట్ అన్న మాట మీద క్లిక్ చేయకు. గడియకోసారి పవర్ బటన్ నొక్కి చూసుడు బంద్ చెయ్యి. మిషన్ పోతే ఇంకోటి దొరుకుతది. జడ్చర్ల చుట్టుపట్ల ఊర్లోళ్ల పాసుపుస్తకాల స్కాన్లు, నాలుగేండ్ల పెండ్లి కార్డుల ఫైళ్లు అందులో ఉన్నయన్నవు. అవి ఏ దుకాణంలో దొరకవు.

విండోస్ 11కు పోవుడు నీ తప్పు కాదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10 నుంచి మైక్రోసాఫ్ట్ చేతులు దులుపుకున్నది. నీది ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్, 11కు అర్హత దాదాపు ఆడికెల్లే మొదలైతది. కాని ఆ రోజుల్లో కొన్న మిషన్లలో ఒక మెలిక ఉన్నది. 2018లో సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో నీ మిషన్‌ను అసెంబుల్ చేయించినప్పుడు నేను పక్కనే ఉన్న, యాదికుందా? వన్ టీబీ హార్డ్ డిస్క్, దానికి తోడు 16 జీబీ ఆప్టేన్ అన్నడు షాపాయన. నువ్వు అది ర్యామ్ అనుకొని మురిసినవు. నేనూ అప్పుడు విడమర్చి చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్న.

మీ నాయన కిరాణం కొట్టు యాది చేసుకో. పొద్దంత వచ్చే పైసలు గల్లాపెట్టెలో పడుతుండె. తీరినప్పుడు లెక్కపెట్టి లోపల బీరువాలో పెడుతుండె. చేతికి అందేది గల్లాపెట్టె, ఆస్తి ఉండేది బీరువాలో. మదర్‌బోర్డు మీద బబుల్‌గమ్ బిళ్ల లెక్క పడుకొని ఉండే ఆప్టేన్ గల్లాపెట్టె, తిరిగే హార్డ్ డిస్క్ బీరువా. విండోస్‌కు మాత్రం రెండూ కలిపి ఒక్కటే డ్రైవ్ లెక్క కనపడతది. ఆ కలిపే పని ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ అనే డ్రైవర్ చేస్తది. ఇప్పుడు చెప్పు, నడి మధ్యాహ్నం ఎవడో గల్లాపెట్టె ఎత్తుకపోతే బీరువాలో లెక్క కుదురుతదా? కొత్తగ రాసిన ఫైళ్లు కొన్ని ఆ బిళ్లలోనే ఉండి, డిస్క్‌లోకి ఇంకా దిగకపోవచ్చు. విండోస్ లేవడానికి కావలసిన ముక్కలు కూడ అందులో ఉండొచ్చు.

అప్‌గ్రేడ్ 60 శాతం మీద ఉన్నప్పుడు కరెంటు పోయిందన్నవు, యూపీఎస్ రెండు నిమిషాలు కూడ ఆగలేదన్నవు. పొద్దుగాల మిషన్ వేస్తే నీలం తెర, ఇనాక్సెసబుల్ బూట్ డివైస్. అందరూ హార్డ్ డిస్క్ కొట్టుకుపోయిందంటరు. నాకు అనుమానం వేరే దాని మీద ఉన్నది. మిషన్ వేసి బయాస్‌లోకి పో. తేదీ చూడు. 2018 జనవరి ఒకటో, ఇంకేదో పాత తారీకో చూపిస్తే బోర్డు మీద ఉన్న గుండ్రటి సెల్ అయిపోయినట్టు. సీఆర్ 2032 అని అడుగు, ఫ్యాన్సీ షాపులో కూడ ఇస్తరు. ఏడేండ్ల సెల్ అది. కరెంటు ఉన్నన్ని రోజులు దాని చావు ఎవరికీ తెల్వదు. కరెంటు పోతే బయాస్ అన్నీ మరిచిపోయి మొదటికొస్తది. నీ అసెంబుల్డ్ బోర్డు మొదటికొస్తే సాటా మోడ్ ఏహెచ్‌సీఐకి పడి ఉంటది. అంటే గల్లాపెట్టెకు, బీరువాకు సంబంధం తెగింది. విండోస్ తన ఇల్లు తానే గుర్తుపట్టలేకపోతున్నది.

సెల్ మార్చు. సాటా మోడ్‌ను ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ, ఆప్టేన్ అని ఉన్నదానికి తిప్పు. సేవ్ చేసి బయటికి రా. దేవుడు సల్లగ చూస్తే "మార్పులు వెనక్కు తీస్తున్నం" అన్న మాట ఇంగ్లిష్‌లో తెర మీద తిరుగుతది. అప్పుడు లేచి పో. చాయ్ తాగు, అన్నం తిను, మీ అమ్మకు మొఖం చూపెట్టు. పాత డిస్క్ కావట్టి గంట, రెండు గంటలు పడతది. మధ్యలో బటన్ నొక్కితే నా దగ్గరికి రాకు. ఒకటి మరిచిన, ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో పెట్టి చెయ్యి ఈ పని.

ఇంత గట్టిగ ఎందుకు చెప్తున్నంటే, 2019 ఎండకాలంలో నేను చేసిన పని ఒకటున్నది. మీ అమ్మకు కూడ తెల్వదు. మిర్యాలగూడ నుంచి ఒక ఫొటో స్టూడియో పిల్లగాడు గిట్లాంటి మిషన్‌నే గడియారం సెంటర్ దగ్గర నా షాపుకు తెచ్చిండు. అప్‌డేట్ తర్వాత లేస్తలేదన్నడు. నేను మూత విప్పిన, ఆ బిళ్ల మీద అనుమానపడి పీకి పక్కన పెట్టిన. డిస్క్ ఒక్కదాన్నే ఇంకో మిషన్‌కు తగిలిచ్చి చెక్‌డిస్క్ నడిపిన. అది తన పని తాను చేసింది. సరిపోని లెక్కలన్నీ కొట్టేసి, తెగిన ముక్కలన్నీ ఫౌండ్ అనే ఒక ఫోల్డర్‌లో కుప్ప పోసింది. పేర్లు లేని ఫైళ్లు, వందల కొద్ది, సీహెచ్‌కే అని తోకలతోని. అందులో ఒక పెండ్లి ఉన్నది. కెమెరా కార్డు అప్పటికే ఫార్మాట్ అయింది. పెండ్లిపిల్ల నాయన వచ్చి నా షాపులో స్టూల్ మీద కూసున్నడు. ఒక్క తిట్టు తిట్టలేదు. తెప్పిచ్చిన చాయ్ ముట్టకుంట లేచి పోయిండు.

సరే, మోడ్ తిప్పినా విండోస్ లేవకపోతే ఏం చేయాలో విను. లినక్స్ పెన్‌డ్రైవ్ వేసి ఫైళ్లు తీస్తనన్నవు, వద్దు. దానికి బీరువా ఒక్కటే కనపడొచ్చు, గల్లాపెట్టె లెక్క కలవదు. ఇంకో మిషన్ మీద విండోస్ ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ చేసుకో. అందులోనే ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ డ్రైవర్ ఫైళ్లు విప్పి ఒక ఫోల్డర్‌లో పెట్టు. దాన్ని ఎఫ్6 డ్రైవర్ అంటరు. ఇన్‌స్టాల్ ఎక్కడ చేయాలె అని అడిగే పేజీ దాక పో. అక్కడ డిస్కులు కనపడకపోవచ్చు, విడివిడిగ కనపడొచ్చు. లోడ్ డ్రైవర్ నొక్కి ఆ ఫోల్డర్ చూపియ్యి. డ్రైవర్ ఎక్కినంక రెండూ కలిసి ఒక్కటిగ కనపడాలె. నెక్స్ట్ మాత్రం నొక్కకు. నీ పాసుపుస్తకాలకు, మట్టికి మధ్య ఉన్నది ఆ ఒక్క బటనే.

షిఫ్ట్ పట్టుకొని ఎఫ్10 నొక్కు. నల్ల తెర వస్తది. నోట్‌ప్యాడ్ అని టైప్ చెయ్యి. అందులో ఫైల్, ఓపెన్, కింద ఆల్ ఫైల్స్. ఇగో, నీ డ్రైవ్ అక్కడ తెరుచుకుంటది. ఫోల్డర్ మీద రైట్ క్లిక్, కాపీ, బయటి హార్డ్ డిస్క్‌లో పేస్ట్. ఎంత అయిందో చూపే గీత రాకపోవచ్చు, ఆగిందనుకొని గెలకకు. ముందు స్కాన్లు, తర్వాత పెండ్లి కార్డులు, సినిమాలు ఆఖరికి. డిస్క్ టిక్కు టిక్కుమంటే అక్కడనే ఆపు, ఆ కథ వేరే, అది నేనొచ్చి చూస్త.

ఫైళ్లు బయటపడ్డంక, విండోస్ లేచి ఉంటే, ఆర్‌ఎస్‌టీ సాఫ్ట్‌వేర్ తెరిచి ఆప్టేన్‌ను డిసేబుల్ చెయ్యి. గల్లాపెట్టెలోది బీరువాకు చేర్చి తాళం వేసుడన్నట్టు. అది అయినంకనే ఏ అప్‌గ్రేడైనా. ఈ డ్రైవర్ తంటా కొత్తది కాదు. విండోస్ 10లో 2019 నాటి వెర్షన్లకు కూడ, 15.1.0.1002 నుంచి 15.5.2.1053 దాక ఆర్‌ఎస్‌టీ డ్రైవర్ ఉన్న మిషన్లను మైక్రోసాఫ్టే గేటు దగ్గర ఆపింది. ఆపిల్‌కూ తప్పలేదు. 2012లో ఫ్యూజన్ డ్రైవ్ అని ఇట్లనే రెండిటిని కలిపి అమ్మింది. 2017లో కొత్త ఫైల్ సిస్టమ్ తెస్తే ఆ డ్రైవ్‌లకు అది పనికి రాలేదు, 2018లో మొజావే వచ్చేదాక ఆగాల్సి వచ్చింది. రాత్రి నువ్వడిగిన నీ దోస్తు ల్యాప్‌టాప్‌లో ఉన్నది వేరే జాతి. సీగేట్ 2010లో మొదలుపెట్టిన రకం, ఫ్లాష్ డిస్క్ కడుపులోనే ఉంటది, లెక్క అదే చూసుకుంటది. దానికి ఈ డ్రైవర్ గొడవ లేదు, అరిగిపోవుడు ఒక్కటే ఉన్నది.

నన్నడిగితే మళ్లా ఆ జోడీ కలపకు. ఇంటెల్ కూడ 2022లో ఆప్టేన్‌ను వదిలేసింది, మనమెందుకు మోయాలె? 500 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి వేసి, ఏహెచ్‌సీఐ పెట్టి, 11 కొత్తగ ఎక్కిద్దాం. పాత డిస్క్‌ను క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో చూసి, 05, సీ5 వరుసలు పసుపు పడకపోతే బ్యాకప్‌కు వాడుకో. పేజ్‌మేకర్, అను ఫాంట్ల సంగతి వేరే. 2001 నాటి పేజ్‌మేకర్ 7ను కొత్త విండోస్ మీద నమ్మి పెండ్లి కార్డులు ఒప్పుకోకు. దానికి నెట్ లేని పాత డబ్బా ఒకటి పక్కన పెట్టు. యూపీఎస్ బ్యాటరీ ఈ వారమే మార్చు.

మిషన్‌ను ఆర్టీసీ కార్గోలో వేస్తనన్నవు, వేయకు. ఆదివారం నేనే దేవరకొండ, కల్వకుర్తి మీదుగ వస్త. ఎస్‌ఎస్‌డీ నేను తెస్త, డబ్బులు తర్వాత చూసుకుందాం. అప్పటిదాక బోర్డు మీద ఉన్న ఆ చిన్న బిళ్లను ఎవ్వరు చెప్పినా పీకకు.

నీ మామ