లింగభేదమునకు పేకముక్కలు

ప్రశ్న: కళాశాలలో ద్వితీయభాషగా ఫ్రెంచి బోధించుచున్నాను. నామవాచకముల లింగము విద్యార్థులకు ఎంతకును పట్టుబడుటలేదు. ఆటలవలన ప్రయోజనముండునా?

జవాబు: తప్పక యుండును. బల్లకును పుస్తకమునకును ‘ఉన్నది’ అనుచు పెరిగిన మన పిల్లలకు, ఫ్రెంచిలో బల్ల స్త్రీలింగమనియు, పుస్తకము పుంలింగమనియు, అదే ‘లివ్ర్’ శబ్దము స్త్రీలింగమైనచో పౌనుబరువనియు చెప్పిన విస్మయము కలుగుట సహజము. ఫ్రాన్సు దేశపు పిల్లలాడుకొను ‘ఏడు కుటుంబముల’ పేకాటలో తాత మొదలు మనుమరాలివఱకు కుటుంబమునకు ఆఱేసి చొప్పున 42 ముక్కలుండును; మీరు ఆ కుటుంబములను పదాంతములనుబట్టి కూర్చి, ‘ఆజ్’ అంతమందు గలవి ఒకటిగను, ‘స్యోఁ’ అంతమందు గలవి వేఱొకటిగను పాత శుభలేఖల వెనుక వ్రాయించుడు. ముక్క నడుగువాడు ‘లు గరాజ్’, ‘ల స్తస్యోఁ’ అని ఆర్టికల్‌తో అడుగవలెను. తప్పినచో వంతు పోవును. సముద్రతీరమను ‘ల ప్లాజ్’ తన కుటుంబరీతికి విరుద్ధముగా స్త్రీలింగము గనుక, దానిని జోకరుగా నుంచుడు. ఓడినవాడు దానిని జన్మలో మఱువడు!

స్పానిషున ఇంత శ్రమ లేదు, ఓకారాంతములు తఱచు పుంలింగములే. చేయి అను అర్థముగల ‘మానో’ మాత్రము స్త్రీలింగము, అచట జోకరు అదియే.