మజిల్‌లోడర్‌కి బడ్జెట్ స్కోప్ కొంటున్నారా? జూమ్ కంటే ముందు ఇవి చూడండి

డబ్బా మీద "100ఎక్స్ జూమ్" అని కనిపించగానే ఫోన్ కొనేసి, ఒకసారి చందమామ ఫొటో తీసి, మళ్ళీ ఆ జూమ్ జోలికే వెళ్ళనివాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. రైఫిల్ స్కోప్ దగ్గర కూడా ఇదే పొరపాటు జరుగుతుంది. మజిల్‌లోడర్ విషయంలో అయితే మరీనూ.

మజిల్‌లోడర్ అంటే మన ఏజెన్సీ ఊళ్ళల్లో నాటు తుపాకీ అంటారే, ఆ పద్ధతే. గొట్టం మూతి వైపు నుంచి మందు పోసి, గుండు పెట్టి, కడ్డీతో దట్టించాలి. అమెరికాలో దీన్ని ఆధునిక ఇన్‌లైన్ రైఫిల్‌గా అమ్ముతున్నారు. చాలా రాష్ట్రాల్లో జింకల వేటకి దీనికంటూ విడిగా ఒక సీజన్ ఉంటుంది. అక్కడ లైసెన్స్ తీసుకుని వెళ్ళే మనవాళ్ళ కోసమే ఈ ఆర్టికల్. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం, కాబట్టి ఇక్కడున్నవాళ్ళు దీన్ని లెన్సుల పాఠంగా చదువుకోండి.

ముందు మీ రాష్ట్రం రూల్స్ చూడండి. కొలరాడోలో మజిల్‌లోడర్ సీజన్‌కి స్కోప్ నిషేధం, ఓపెన్ సైట్లే వాడాలి. యూటాలో కొన్నేళ్ళు అనుమతించి, 2024లో మళ్ళీ ఆపేశారు. డిస్కౌంట్ చూసి ఆర్డర్ పెట్టేశాక ఇది తెలిస్తే లాభం లేదు.

ఐ రిలీఫ్: అన్నిటికంటే ముఖ్యమైన నంబర్

మొత్తం దృశ్యం నిండుగా కనిపించాలంటే వెనక లెన్స్‌కీ కంటికీ మధ్య ఉండాల్సిన దూరమే ఐ రిలీఫ్. 150 గ్రెయిన్ల మందు, బరువైన గుండు వేసి పేలిస్తే తుపాకీ వెనక్కి గట్టిగా తంతుంది. ఐ రిలీఫ్ 3 అంగుళాలే ఉంటే స్కోప్ అంచు వచ్చి కనుబొమ్మ మీద కొడుతుంది, కుట్లు పడినా ఆశ్చర్యం లేదు. అందుకే 4 అంగుళాలకి దగ్గరగా ఉన్నది వెతకండి. ఇక్కడో మెలిక ఉంది. చాలా స్కోపుల్లో జూమ్ పెంచేకొద్దీ ఈ దూరం తగ్గిపోతుంది. స్పెక్ షీట్‌లో రెండు నంబర్లు ఇస్తే చిన్నదాన్నే నమ్మండి.

పాయింట్ 22 రైఫిల్ కోసం చేసిన చవక స్కోప్‌ని దీనికి బిగించొద్దు. ఆ తన్నుడుకి లోపలి భాగాలు కదిలిపోయి, గురి తప్పుతుంది.

లైట్ లెక్క

జింకలు ఎక్కువగా తిరిగేది తెల్లవారుజామున, మునిమాపు వేళ. ఫోన్ టెలీ కెమెరా చీకట్లో చేతులెత్తేసినట్టే స్కోప్ కూడా ఫుల్ జూమ్‌లో మసకబారుతుంది. ముందు లెన్స్ మిల్లీమీటర్లని జూమ్‌తో భాగించండి. 40ని 9తో భాగిస్తే 4.4 మి.మీ. అదే 6ఎక్స్‌కి తగ్గిస్తే 6.7. కుర్రవాళ్ళ కంటిపాప చీకట్లో దాదాపు 7 మి.మీ. దాకా తెరుచుకుంటుంది కాబట్టి, తగ్గించిన జూమ్‌లోనే బొమ్మ వెలుగ్గా కనిపిస్తుంది. 50 మి.మీ. లెన్స్ మంచిదే కానీ బరువు, పైగా ఎత్తుగా కూర్చుని చెంపని బట్ మీద ఆననివ్వదు. 100, 150 గజాల దూరానికి 3-9ఎక్స్40 గానీ, 2-7ఎక్స్32 గానీ ధారాళంగా సరిపోతుంది.

గుండ్రాలని గుడ్డిగా నమ్మొద్దు

దూరాన్ని బట్టి గుండు ఎంత కిందకి జారుతుందో చూపించే గుండ్రాలు కొన్ని స్కోపుల్లో ఉంటాయి. నికాన్ రైఫిల్ స్కోపులు ఆపేసింది గానీ, దాని పాత మజిల్‌లోడర్ మోడళ్ళు సెకండ్ హ్యాండ్‌లో ఇంకా దొరుకుతాయి. 5 అంగుళాల ఐ రిలీఫ్, నాకైతే చాలా ఇష్టం. కానీ వాటి బీడీసీ 300 గుండ్రాలు 150 గ్రెయిన్ల మందు, 250 గ్రెయిన్ల గుండు లెక్కతో గీసినవి. మీరు 100 గ్రెయిన్లే పోస్తే ఆ గుండ్రం అబద్ధం చెబుతుంది. మజిల్‌లోడర్‌కి రెండో ఛాన్స్ ఉండదు. మళ్ళీ దట్టించేలోపు గాయపడ్డ జింక పొదల్లోకి వెళ్ళి ఎక్కడో నరకయాతన పడుతుంది. రేంజ్‌కి వెళ్ళి మీ మందుతో, మీ గుండుతో ప్రతి గుండ్రాన్నీ పరీక్షించాకే అడవికి వెళ్ళండి.

ఏది కొనాలి?

కొత్తదే కావాలంటే నా ఓటు వోర్టెక్స్ క్రాస్‌ఫైర్ 2 3-9ఎక్స్40కి. ఓనర్ మారినా వారంటీ వర్తిస్తుంది, కాబట్టి వాడినది కొన్నా భయం లేదు. ఇంకొంచెం పెట్టగలిగితే ల్యూపోల్డ్ వీఎక్స్-ఫ్రీడమ్ చూడండి. డబ్బంతా స్కోప్‌కే పోసి రింగులు చవకవి తేకండి. స్క్రూ వదులైతే ఎంత మంచి లెన్సైనా దండగే. పేల్చిన ప్రతిసారీ మసి స్కోప్ అడుగుభాగానికి పడుతుంది, అది లోహాన్ని తినేస్తుంది, అదే రోజు తుడిచేయండి.

స్కోప్ బిగించే రోజు చలికోటు వేసుకోండి, ఎందుకంటే దాని మందం తుపాకీని ముందుకి జరుపుతుంది. తుపాకీ ఖాళీగా ఉందని చూసుకుని, కళ్ళు మూసుకుని భుజానికి ఆనించి, అప్పుడు కళ్ళు తెరవండి. నల్లటి వలయం లేకుండా బొమ్మ నిండుగా కనిపించాలి. కనిపించకపోతే స్కోప్‌ని ముందుకో వెనక్కో జరిపి, తక్కువ జూమ్‌లో ఒకసారి, ఎక్కువ జూమ్‌లో ఒకసారి మళ్ళీ చూసి, ఆ తర్వాతే స్క్రూలు బిగించండి.